తుమ్మకూడని రెండు వారాలు

పిన్ని గింజ కొరికి చూడందే దేన్నీ తన పిండిమరలో పోయనివ్వదు. ఎవరు గోధుమలు తెచ్చినా, జొన్నలు తెచ్చినా, ముందు గోతం మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి, అడుగు నుంచి నాలుగు గింజలు పైకి తీస్తుంది. ఒకటి వెనకపళ్ల మధ్య పెట్టుకుని కొరుకుతుంది. టక్కుమని రెండు ముక్కలైతే సరే. మెత్తగా అణిగిందంటే మాత్రం, "ఇందులో ఇంకా తడి ఉంది, తీసుకెళ్లి ఎండబెట్టి తీసుకురండి" అని మూతి కట్టి చేతికిచ్చేస్తుంది. తడి గింజ మర రాళ్ల మధ్య జిగురులా పట్టుకుంటే, విప్పి గీకేసరికి తల ప్రాణం తోకకి వస్తుంది. ఆ బాధ పడిన మనిషి కాబట్టి, వచ్చినవాళ్లు ఎంత కావాల్సినవాళ్లైనా ఆవిడ మొహమాటపడదు.

ఒకరోజు ఎవరో తెచ్చిన గోధుమల్లో అచ్చం గోధుమగింజలాంటి రాయి ఒకటి ఉంది. పిన్ని దాన్నే తీసి కొరికింది. టక్కుమంది గానీ, విరిగింది రాయి కాదు.

మర్నాడు పొద్దున్నే చెంప పట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చింది. డాక్టరంటే పరాయి మనిషేమీ కాదు, సొంత అక్క కూతురు. క్లినిక్‌లో అందరూ డాక్టరమ్మ అంటారు గానీ ఇంట్లో ఆ పిల్ల ఇప్పటికీ చిట్టే. తల్లి రైల్వేలో షిఫ్టు డ్యూటీలు చేసే రోజుల్లో, బడి అయ్యాక చిట్టి నేరుగా పిన్ని ఇంటికే వెళ్లేది. మర ఇంటి ముందుగదిలోనే ఉండేది. అక్కడ గోతాల మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. జుట్టంతా తెల్లగా ఇంటికొచ్చిన కూతుర్ని చూసి తల్లి, "నువ్వు బడికెళ్తున్నావా, మరలో పడి వస్తున్నావా" అని నవ్వేది.

కుడివైపు విరిగిన పన్ను చూసి చిట్టి పెద్దగా కంగారుపడలేదు. వేరు గట్టిగానే ఉంది, శుభ్రం చేసి తొడుగు వేస్తే సరిపోతుంది. ఆమె చూపు ఎడమవైపు ఆగింది. పైన, వెనక, పెద్దపన్ను ఉండాల్సిన చోట చిగురు నున్నగా మూసుకుపోయి ఉంది.

"ఇది ఎప్పుడు పోయింది పిన్నీ?"

"నువ్వు కాలేజీలో చేరకముందే. పొద్దున పీకించుకుని వచ్చి సాయంత్రం మర వేశాను."

"అప్పటినుంచీ ఒక్కవైపే నములుతున్నావా?"

"ఒకవైపుకి డ్యూటీ, ఒకవైపుకి సెలవు," అంది పిన్ని.

"డ్యూటీ చేసేదానికి ఇప్పుడు దెబ్బ తగిలింది. దానికి తొడుగు వేస్తాను, కానీ మళ్లీ బరువంతా దాని మీదే వేస్తే ఎన్నాళ్లు ఆగుతుంది? సెలవులో ఉన్నవైపు కూడా పన్ను పెట్టించుకోవాలి. ఊడదీసి పెట్టుకునేది కాదు, ఎముకలోకి స్క్రూ దించి దానిమీద నిలబెట్టేది."

"గింజ కొరకొచ్చా?"

"నిక్షేపంగా కొరకొచ్చు."

"అయితే పెట్టెయ్," అని పిన్ని కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది.

అంత సులువుగా అయ్యే పని కాదు. ముందు స్కాన్ తీయించాలి. ఆ స్కాన్ వచ్చాక చిట్టి దాన్ని తెర మీద పెట్టి చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇటు చూడు. పైదవడకి వెనకభాగం పైన ఎముకంతా గుల్లగా ఉంటుంది. ఇదుగో, నల్లగా కనిపిస్తోందే, అది గాలిగది. ముక్కులోకి దారి ఉంటుంది దానికి. పన్ను ఉన్నంతకాలం దాని హద్దులో అది ఉంటుంది. పన్ను పోయాక మెల్లగా కిందికి జారుతూ వస్తుంది, ఆ మేరకి ఎముక పల్చబడిపోతుంది."

పిన్ని తెరకి దగ్గరగా జరిగి చూసింది. "అంటే, కిందివాటా ఖాళీ అయితే పైవాటావాడు దిగొచ్చి ఆక్రమించుకున్నాడన్నమాట."

"అచ్చం అంతే. ఇప్పుడక్కడ మిగిలిన ఎముక స్క్రూ పొడవులో సగమే ఉంది. ఉన్నదాంట్లో దించితే స్క్రూ మొన గాలిగదిలోకి పొడుచుకొస్తుంది."

"మరి వాణ్ణి ఖాళీ చేయించేదెలా?"

"పైకి జరపాలి. దవడ పక్కగోడలో చిన్న కిటికీ తెరుస్తాం. గది లోపలంతా సన్నటి పొర అంటుకుని ఉంటుంది. దాన్ని చిరగకుండా నేల మీంచి లేపి, కింద ఏర్పడ్డ ఖాళీలో ఎముక పొడి నింపుతాం. కొన్ని నెలల్లో నీ ఎముకే ఆ పొడిలోకి పెరిగి గట్టిపడుతుంది."

"పొడా?" పిన్నికి ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది. "మెత్తగానా, బరకగానా?"

"బరకగా. రవ్వలాగా ఉంటుంది."

"అదీ. మరీ మెత్తగా పడితే ముద్దైపోతుంది," అని తృప్తిగా తలూపింది.

చిట్టికి మాత్రం ఆ తృప్తి లేదు. ఈ ఆపరేషన్ ఆమెకి కొత్త కాదు. చాలానే చేసింది, కానీ ప్రతిసారీ పక్కన తన ప్రొఫెసరు నిలబడి ఉండేవారు. సొంత క్లినిక్ పెట్టాక ఇలాంటిది ఒంటరిగా చేయడం ఇదే మొదలు. అందులోనూ పిన్నికి.

"మా ప్రొఫెసరు గారి దగ్గరికి పంపిస్తాను పిన్నీ. ఆయన చెయ్యి బంగారం."

"నీ చేతికేమైంది?"

"ఏమీ కాలేదు. నువ్వు నాకు పిన్నివి, అదీ సంగతి."

"ఆ గంటసేపూ పక్కింటావిణ్ణి అనుకో," అంది పిన్ని. "నేను వేరేవాళ్ల ముందు నోరు తెరవను."

నోరున్న మనిషిగా పేరుపడ్డ పిన్ని ఆ మాట అనడంతో, పక్కన నిలబడ్డ నర్సు నవ్వు ఆపుకోలేక పరికరాల గదిలోకి వెళ్లిపోయింది.

చిట్టి ప్రొఫెసరుకి ఫోన్ చేసి స్కాన్ పంపించింది. ఆయన చూసి, "నువ్వు చెయ్యగలిగిందే. నేల మీద ముందువైపు ఎముక చిన్న గట్టులా లేచి ఉంది చూశావా, అక్కడ తొందరపడకు. కిటికీ కాస్త కిందికే పెట్టుకో, పైన రక్తనాళం ఉంది. భయంగా ఉంటే కోడిగుడ్లు తెచ్చుకో," అన్నారు.

కోడిగుడ్లంటే వంటకి కాదు. పచ్చిగుడ్డు పెంకుని పళ్లు అరగదీసే గుండ్రటి చిన్న చక్రంతో గోరంత మేర అరగదీసి, లోపలి పొర చిరగకుండా పెంకు ముక్క తీసెయ్యాలి. తర్వాత వంకర తిరిగిన సన్నటి పరికరంతో పొరని పెంకు నుంచి చుట్టూ విడదీయాలి. చదువుకునే రోజుల్లో అందరూ అలాగే చెయ్యి అలవాటు చేసుకున్నారు. చిట్టి మధ్యాహ్నాలు పేషెంట్లు లేనప్పుడు మళ్లీ ఆ సాధన మొదలుపెట్టింది. చిరిగినవీ చిరగనివీ అన్నీ నర్సు ఒక గిన్నెలో వేసి ఇంటికి తీసుకెళ్లేది.

కుడిపన్నుకి తొడుగు వేయించుకోవడానికి వచ్చిన రోజు పిన్ని ఆ గుడ్లని చూసేసింది. ట్రేలో వరుసగా, ఒక్కోదానికి ఒక్కో బుల్లి కిటికీతో.

"ఇవేంటి, ఎలకలు కొరికాయా?"

చిట్టి నర్సు వైపు చూసింది. నర్సుకి దాపరికాలు అలవాటు లేవు. "మీ ఆపరేషన్ కోసమే అమ్మా. డాక్టరమ్మ వారం నుంచి వీటితోనే కుస్తీ పడుతోంది. మా ఇంట్లో మూడుపూటలా గుడ్లే. నా చేతిలో గిన్నె కనపడితే మా పిల్లలు వీధిలోకి పారిపోతున్నారు."

పిన్ని ఒక గుడ్డు తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. కిటికీలోంచి పొర తెల్లగా, తడిగా, లోపలి పచ్చసొన నీడతో కనపడింది. "ఇదా నా దవడలో ఉన్నది?"

"ఇంచుమించు ఇలాంటిదే."

"ఇటియ్యి, నేనూ చూస్తాను." పరికరం అందుకుని పొర అంచున అలా ఆనించిందో లేదో, పుటుక్కున చిరిగి తెల్లసొన చేతి మీంచి కారింది. పిన్ని పరికరాన్ని జాగ్రత్తగా ట్రేలో పెట్టేసింది. చెయ్యి తుడుచుకుంది.

"చిరిగితే ఏం చేస్తావు?"

"చిన్నదైతే మాసిక వేస్తాను. దానికి వేరే పల్చటి పొర దొరుకుతుంది, కొన్నాళ్లకి అదే కలిసిపోతుంది. పెద్దదైతే ఆ రోజుకి మూసేసి కుట్టేస్తాను. మూడు నాలుగు నెలలు ఆగి మళ్లీ చేస్తాను."

"మాసికే అయితే మీ బాబాయిని కూడా లోపలికి పిలుచుకుందాం," అని పిన్ని లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "భయం ఉంటేనే చెయ్యి మెల్లగా నడుస్తుందే చిట్టీ. భయంలేని డాక్టరుతో నాకేం పని?"

బాబాయి దర్జీ. మర ఎదురుగా వీధికి అటువైపు చిన్న గది, అందులో ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఆయన. మాటలు తక్కువ. ఆపరేషన్ రోజు పొద్దున క్లినిక్‌కి వచ్చినప్పుడు మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. తీయడం మర్చిపోయాడు. ఎవరూ చెప్పలేదు కూడా. బయట బెంచీ మీద కూర్చుని, ఆ టేపునే చుడుతూ విప్పుతూ గడిపాడు.

లోపల, చెంప వెనక ఒకటీ అంగిలి మీద ఒకటీ మత్తు సూదులు పడ్డాయి. చెంప మొద్దుబారాక చిట్టి చిగురు కోసి పక్కకి మడిచింది. కింద ఎముక పాలరంగులో మెరిసింది. కిటికీ ఎక్కడ రావాలో ముందే కొలిచిపెట్టుకుంది, రక్తనాళానికి బాగా కిందుగా. నీళ్లు చిమ్ముతూ చక్రం తిరుగుతోంది. ఎముక కొంచెం కొంచెంగా అరుగుతోంది. తెలుపు పల్చబడి, ఒకచోట లేతనీలం నీడ తొంగిచూసింది. అదే పొర. చిట్టి చక్రం మీది ఒత్తిడి తగ్గించింది. మెల్లగా ఆ నీలం అండాకారంగా విచ్చుకుంది. పిన్ని ఊపిరి తీసినప్పుడల్లా పొర సన్నగా లోపలికి అణిగి, వదిలినప్పుడు పైకి తేలుతోంది.

వంకర పరికరాన్ని ఎముకకి ఆనించి, పొర కిందికి జరిపింది. వెనకవైపు దుప్పటి మడిచినట్టు సులువుగా లేచింది. కిందినేల మీద కూడా లేచింది. ముందువైపు గట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బిగుసుకుపోయింది. చిట్టి అటునుంచి కాస్త, ఇటునుంచి కాస్త ప్రయత్నించింది. గట్టు అంచు మీద పొర లాగినట్టైంది, ఆ మరుక్షణం నల్లటి చుక్క కనపడింది. ఆవగింజంత చిరుగు.

నర్సు చూసింది. ఆవిడ చేతిలోని నీళ్లు పీల్చే గొట్టం కదలకుండా ఆగిపోయింది.

చిట్టి పరికరం తీసి పక్కన పెట్టింది. ఒక్క క్షణం గోడవైపు చూసింది. ఆ క్షణంలో పిన్ని మొద్దుబారిన మూతితోనే, "ఆహాహేం?" అంది. ఆగావేం అని.

"ఏం లేదు పిన్నీ, కాస్త ఊపిరి తీసుకుంటున్నా. నువ్వూ తీసుకో."

ఆ తర్వాత చిట్టి చిరుగు జోలికే పోలేదు. దానికి దూరంగా, చుట్టూ ఉన్న పొరని ఇంకా ఇంకా వదులుచేసుకుంటూ వచ్చింది. వదులయ్యేకొద్దీ లాగుడు తగ్గి, చిరుగు అంచులు వాటంతటవే ఒకదాని మీదికొకటి ఒదిగాయి. అప్పుడు మాసిక పరిచింది. తడి తగలగానే అది మెత్తబడి అతుక్కుపోయింది. "ముక్కుతో గాలి పీల్చు పిన్నీ. వదులు." మాసిక కదల్లేదు. దానికింద రవ్వలాంటి ఎముక పొడిని చిన్నచిన్న మోతాదుల్లో నింపింది. పన్ను ఉండాల్సిన చోట ఒక్కో సైజు పెంచుతూ రంధ్రం చేసి స్క్రూ దించింది. చివరి చుట్లలో అది గట్టిగా బిగుసుకుంది. ఉన్న కొంచెం ఎముకా దాన్ని బాగా పట్టుకుంది. ఆ బిగువు చేతికి తెలిశాక గానీ చిట్టి భుజాలు కిందికి దిగలేదు.

కుట్లు వేశాక బాబాయిని లోపలికి పిలిచి, ఇద్దరికీ కలిపి చెప్పింది. "ఒకచోట పొర ఆవగింజంత చిరిగింది. మాసిక వేశాను, నిలబడింది. కానీ ఇప్పుడు అసలు జాగ్రత్త మొదలవుతుంది. రెండు వారాలు ముక్కు చీదకూడదు. బరువులు ఎత్తకూడదు. తుమ్ము వస్తే నోరు మూసుకుని ఆపుకోకూడదు, నోరు బార్లా తెరిచి తుమ్మాలి. లేకపోతే గాలంతా ఆ గదిలోకి తన్ని మాసిక ఊడిపోతుంది. అసలు తుమ్మే రాకుండా ఉంటే ఇంకా మంచిది. అందుకని మరవైపు కన్నెత్తి చూడకూడదు."

"హరహాలేదు," అంది పిన్ని. పర్వాలేదు అని.

"మర ఎవరు చూస్తారు?" అన్నాడు బాబాయి.

తల్లీకూతుళ్లలాంటి ఆ ఇద్దరూ ఆయన వైపే చూశారు.

పిన్ని ఆ సాయంత్రమే అక్క ఇంట్లో దిగింది. బాబాయి మర తాళాలు తీసుకున్నాడు. "మరదేముంది, స్విచ్ వేస్తే అదే తిరుగుతుంది" అని పెళ్లయినప్పటినుంచీ అంటున్న మనిషి ఆయన. మొదటిరోజు స్విచ్ వేశాడు, అది తిరిగింది, గోధుమలు గుప్పున పోశాడు, రాళ్లు వేడెక్కి పిండి మాడువాసన వేసింది. ఫోన్ చేశాడు.

"ఫోన్ రాళ్ల పక్కన పెట్టండి," అంది పిన్ని. కాసేపు విని, "రాయి బిగువుగా ఉంది. చేతిచక్రం పావు చుట్టు వదులు చెయ్యండి. పోసే డబ్బాకి అడుగున పలక ఉంటుంది, దాన్ని సగం మూయండి" అని చెప్పింది. ఆయన చేశాడు. మర గొంతు మారింది. "ఆ, ఇప్పుడు సుఖంగా ఉంది దానికి."

అది మొదలు, పిన్ని అక్క ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఫోన్లోంచే మర నడిపింది. బెల్టు జారుతోందని చెప్పేది. జల్లెడ దులపమని చెప్పేది. ఫలానా ఆవిడ వచ్చిందా, వాళ్లబ్బాయికి జ్వరం తగ్గిందా అని అడిగించేది. బాబాయి ఆ ప్రశ్నలన్నీ అక్షరం పొల్లుపోకుండా అడిగి, జవాబులు చేరవేసేవాడు. గింజ కూడా తనే కొరికేవాడు. సాయంత్రానికి దవడలు నొప్పెట్టేవి. మిగిలిపోయిన లైనింగు గుడ్డలతో ముక్కుకి కట్టుకునే మాస్కులు కుట్టి, మరకొచ్చినవాళ్లందరికీ పంచాడు. కొన్ని పూలవి, కొన్ని గళ్లవి. తలుపు మీద దర్జీ సుద్దతో పెద్దక్షరాల్లో రాశాడు: మిరపకాయలు పట్టబడవు. పిన్ని తిరిగొచ్చేసరికి గదిలో కారం ఘాటు మిగలకూడదని ఆయన ఆలోచన.

రెండో వారం మధ్యకొచ్చాక ఒక పొద్దున్న, ఎప్పటిలాగే ఫోన్ మర పక్కన పెట్టి బాబాయి పనిలో పడ్డాడు. పిన్ని కళ్లు మూసుకుని వింటోంది. ఉన్నట్టుండి కళ్లు తెరిచింది.

"ఏం పోశారు?"

"గోధుమలే."

"అది గోధుమల చప్పుడు కాదు."

"కొంచెం... జొన్నలు కలిపాను."

"ఏమండీ. అది మిరపకాయ."

నిజానికి బాబాయి ఎంతమందికో లేదని చెప్పి పంపించాడు. కానీ బడి పంతులమ్మ మూడోసారి వచ్చి, చిన్న సంచీయే కదా, మీ ఆవిడైతే కాదనేది కాదు అనేసరికి కరిగిపోయాడు. పిన్ని ఇంకేం వినలేదు. అక్క కూరగాయలకి వెళ్లింది, ఇంట్లో ఆపేవాళ్లు లేరు. చెప్పులు వేసుకుని బస్సెక్కింది.

మర గుమ్మంలో అడుగుపెట్టేసరికి గదంతా ఎర్రటి మసక. పూలమాస్కుల్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. పిన్ని తిట్టడానికి నోరు తెరవబోయింది, ఈలోగా ముక్కు చురుక్కుమంది. ఇన్నేళ్లు కారం పొగలో నవ్వుతూ కబుర్లు చెప్పిన ముక్కే అది. పది రోజులు సుఖపడేసరికి నాజూకైపోయింది. కళ్లు చెమర్చాయి. రొమ్ము పైకి లేచింది. అలవాటు కొద్దీ చెయ్యి ముక్కు నొక్కేయడానికి వెళ్లింది.

బాబాయి గరిటె విసిరేసి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నోరు తెరువు. ముక్కు వదిలెయ్. నోరు తెరువు."

సంసారం మొదలైనప్పటినుంచీ ఈవిడ నోరు మూస్తే బాగుండునని లోలోపల అనుకున్న మనిషి, అంతమందిలో అలా అరవడం అదే మొదలు. పంతులమ్మ కూడా ఆయనతో గొంతు కలిపింది. అందరూ కలిసి పిన్నికి నోరు తెరిచి చూపించారు. మాస్కుల వెనక ఏం తెరిచారో కనపడలేదు గానీ, పిన్నికి అర్థమైంది. నోరు బార్లా తెరిచి తుమ్మింది. ఎదురుగా ఉన్న గోధుమపిండి డబ్బాలోంచి తెల్లటి మేఘం లేచి బాబాయి మొహాన్ని కప్పేసింది.

ఎవరో నవ్వారు. అంతలో పిన్ని ముక్కులోంచి సన్నటి రక్తపు చుక్క ఒకటి పై పెదవి మీదికి జారింది. నవ్వు ఆగిపోయింది.

ఇద్దరూ ఉన్నపళంగా క్లినిక్‌కి బయల్దేరారు. పిండి మొహంతో బాబాయి, మూతి దగ్గర చేతిరుమాలుతో పిన్ని. చిట్టి చూసి వెంటనే పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టింది. కుట్లు చూసింది. ముక్కు మీద వేలు ఆనించి గాలి చప్పుడు వింది. ఎక్స్‌రే తీసింది.

తెర మీద బొమ్మ వచ్చింది. స్క్రూ నిటారుగా నిలబడి ఉంది. దాని మొన మీద ఎముక పొడి చిన్న గుమ్మటంలా, అంచులు చెదరకుండా, ఆపరేషన్ రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఏం కాలేదు," అంది చిట్టి. "ఆ రక్తం లోపల ఎప్పటిదో. ఒక చుక్క రావడం మామూలే."

ఆ తర్వాత తిట్టింది. బాగా తిట్టింది. చిన్నప్పుడు గోతాలెక్కి దూకినందుకు పిన్ని ఏ మాటలతో తిట్టిందో, దాదాపు అవే మాటలతో తిట్టింది. పెద్దవాళ్లిద్దరూ తలలు దించుకుని విన్నారు.

"నేను నోరు తెరిచానే," అంది పిన్ని చివరికి. "కావాలంటే వీధంతా సాక్ష్యం."

"మిరపకాయలు పోసింది నేను," అన్నాడు బాబాయి. "దాన్నేమీ అనకు."

పిన్ని ఆయనవైపు తిరిగి చేతిరుమాలుతో ఆయన కనుబొమల మీది పిండి దులిపింది. అక్కణ్ణుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్లి, మిగిలిన రోజులు కిటికీ దగ్గర బుద్ధిగా కూర్చుంది.

నెలలు గడిచాయి. పిన్ని మళ్లీ మరలో, బాబాయి మళ్లీ మిషను దగ్గర. చివరికి చిట్టి చిగురు మీద చిన్న గాటు పెట్టి స్క్రూ తల బయటికి తీసిన రోజు వచ్చింది. ఎముక అతుక్కుందో లేదో చూడటానికి పరికరం పిడితో దాని మీద మెల్లగా తట్టింది. సన్నగా, స్పష్టంగా మోగింది.

పిన్ని కళ్లు పెద్దవయ్యాయి. నోట్లోంచి చెయ్యి తీయనిచ్చి, "తడి లేదు. బాగా ఎండింది," అంది.

"ఎండింది," అంది చిట్టి.

కొలతలు తీసి, రంగు సరిచూసి, పన్ను చేయించి బిగించడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఆ ఆదివారం పిన్ని అందర్నీ భోజనానికి పిలిచింది. తీరా బల్ల దగ్గర కూర్చున్నాక, ఆవిడకే తినడం కష్టమైంది. ఇన్నేళ్లూ కుడివైపుకే అలవాటుపడ్డ నాలుక ముద్దని అటే తోసేస్తోంది. ఎడమవైపు నమలబోతే చెంప కొరుక్కుంటోంది.

"తొందరేం లేదు పిన్నీ. రోజూ నాలుగు ముద్దలు ఎడమవైపు నమలడం నేర్చుకో," అంది చిట్టి.

పిన్ని తలూపి, కళ్లు ఒకచోట నిలిపి, లెక్కల పరీక్ష రాసే పిల్లలా ఎడమవైపు నమలడం మొదలుపెట్టింది. బాబాయి నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ పెట్టాడు.

"శనివారాలు నేను కూడా మరకి వస్తాను," అన్నాడు.

చిట్టి తల్లి తినడం ఆపింది. పిన్ని నమలడం ఆపలేదు, కళ్లు మాత్రం ఆయనవైపు తిరిగాయి.

"మిషను దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కణ్ణే కూర్చుంటాను కదా," అని బాబాయి కంచంలోకి చూస్తూ చెప్పాడు. "మరలో అయితే పదిమందీ వస్తారు. ఎవరింట్లో ఏమైందో చెప్తారు. నాకు బాగానే అనిపించింది."

పిన్ని వేలెత్తి ఆగమంది. అందరూ ఆగారు. నోట్లోది పూర్తిగా నమిలి, మింగి, నాలుకతో కొత్తపన్ను ఒకసారి తడిమి చూసుకుని, అప్పుడు మాట్లాడింది.

"గోతాలు మీరే దించాలి మరి."

"దించుతాను."

"పొద్దున ఆరింటికల్లా తాళం తీయాలి."

"తీస్తాను."

"సరే అయితే," అని పిన్ని ఇంకో ముద్ద కలిపి, ఎడమ చెంప వైపు పెట్టుకుంది.